అల్లుడుగారి వేళ్ళు

మా వర్క్‌షాపులో ఆయన్ని అల్లుడుగారు అంటాం. ముప్పై ఆరు కోట్ల ఏళ్ళ కిందట చచ్చిపోయిన జంతువుకి ఆ పిలుపేమిటని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. పై అంతస్తు గాజు పెట్టెలో పడుకుని, నోరు ఇంత తెరుచుకుని, తనేమీ చెయ్యకుండా నలభై ఏళ్ళుగా నలుగురి చేతా సేవలు చేయించుకునేవాణ్ణి ఇంకేమని పిలవాలి? ఆయనకి శాస్త్రీయమైన పేరు కూడా ఒకటుంది. అది పలికేలోపు టీ చల్లారిపోతుంది.

మనిషి మీటరుంపావు పొడుగు. తల బల్లపరుపుగా ఉంటుంది. తోక చివరంటా చేపకున్నట్టు రెక్క. చేప అందామంటే నాలుగు కాళ్ళున్నాయి, కప్ప అందామంటే మొప్పలున్నాయి. కాళ్ళు చూసి ఒడ్డున షికార్లు చేశాడనుకునేరు. ఆ కాళ్ళకి అంత సీను లేదు. లోతు లేని నీళ్ళలో, నాచులోనూ కుళ్ళిన కొమ్మల మధ్యా తోసుకుంటూ పోవడానికి పనికొచ్చేవి, అంతే. కాళ్ళు ముందొచ్చాయి, నేల మీదకి రావడం చాలా తర్వాత. కప్పలకీ, బల్లులకీ, చివరికి మనకీ ఈయన దూరపు చుట్టం. వరసకి పెద్దవాడు కనుక కొంచెం మర్యాద ఇస్తాం.

నా పని రాయి ఒలవడం. ఎముక చుట్టూ గట్టిపడిన రాతిని మైక్రోస్కోపు కింద పెట్టి సూదితో గింజ గింజగా తీసేస్తాను. బాగా జరిగిన రోజున బొటనవేలి గోరంత మేర శుభ్రపడుతుంది. బాగా జరగని రోజున ఎముకే విరుగుతుంది. “నువ్వు గీకుతున్నది రాయి కాదే, నీ ఆయుష్షు” అంటాడు మా ఆయన. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో ఫైళ్ళు గీకుతాడు, దానికేం పేరు పెట్టాలో నేనెప్పుడూ అడగలేదు.

ఈ పని నాకు నేర్పింది మా నాన్న. మ్యూజియం కింది అంతస్తులో ఇప్పుడు నేను కూర్చునే బల్ల ముప్పై ఐదేళ్ళు ఆయనది. అల్లుడుగారి తలా, ముందుకాలూ ఒలిచింది ఆయనే. ముందుకాలు అనడం మా వాడుక కాదు, చెయ్యి అంటాం. ఒక్క చెయ్యికి పదకొండు నెలలు పట్టింది. అప్పుడు నాకు ఐదేళ్ళు. మా అమ్మ ఇప్పటికీ ఆ బండని సవతి అంటుంది. “పండగా లేదు, పబ్బమూ లేదు, దాని దగ్గరే కాపరం” అని.

నాన్న నియమాల మనిషి. రాయి మీంచి రాలినదేదీ పారేయకూడదు, ఎందుకూ కొరగాని పొడైనా సరే, అగ్గిపెట్టెలో వేసి మీద నంబరూ తేదీ రాసి సొరుగులో పెట్టాలి. ఒకసారి రాసిన చీటీ చింపకూడదు, దిద్దకూడదు. అందులో తప్పుందని తర్వాత తెలిస్తే దాని కిందే కొత్త వరుస రాసి తేదీ వెయ్యాలి. పాత తప్పు అలాగే కనబడుతూ ఉండాలి. ఎముక విరిగితే ఆ రోజే రిజిస్టర్లో ఎర్ర సిరాతో ఎక్కించాలి.

ఈ చివరి నియమం నేను బాగా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. పంతొమ్మిదో ఏట పనిలో చేరిన మూడో నెలలో ఒక పక్కటెముక విరగ్గొట్టాను. గబగబా అతికించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. మర్నాడు జిగురు మెరుపు చూసి నాన్న పట్టేశాడు. తిట్టలేదు. రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టి, ఎర్ర సిరా కలం చేతికిచ్చాడు. రాశాను. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో కూడా. మంచినీళ్ళు కావాలన్నా, తలుపు వెయ్యాలన్నా అమ్మ చేత చెప్పించేవాడు. ఇద్దరం ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని పనికెళ్ళి, ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్ళం. ఆ నాలుగు రోజులూ నాకు ఇరవై ఏడేళ్ళుగా గుర్తున్నాయి.

ఇప్పుడు నాన్నకి డెబ్బై నాలుగు. చేతులు వణుకుతాయి. మేము మేడ మీద, అమ్మానాన్నలు కింది వాటాలో.

మూడేళ్ళ కిందట మా మ్యూజియానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. సూది మందు ఇచ్చే డాక్టరు కాదు, ఎముకల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న పిల్ల. ముప్పై దాటి ఉండవు. లాప్‌టాప్ తప్ప చేత ఏమీ ఉండదు. నాకు మొదటి వారం ఆవిడంటే గిట్టలేదు. మూడో వారానికి, నేను ఒలిచిన ప్రతి ఎముకనీ అరగంట సేపు నోరు మెదపకుండా చూస్తుందని గమనించాను. ఆ తర్వాత టీ రెండు కప్పులు పెట్టడం మొదలుపెట్టాను.

ఆవిడ రాస్తున్న పేపరంతా అల్లుడుగారి చెయ్యి గురించే. అల్లుడుగారి కాలం నాటి ఇలాంటి జంతువులు వేరే దేశాల్లోనూ దొరికాయి. వాటికి చేతికి ఎనిమిదేసి, ఏడేసి వేళ్ళున్నాయి. మొదట్లో వేళ్ళకి ఒక లెక్కంటూ లేదు, ఐదు అన్నది తర్వాతెప్పుడో కుదిరిందని పుస్తకాల్లో రాశారు. కానీ మా అల్లుడుగారికి ఐదే. నలభై ఏళ్ళ కిందట పాత ప్రొఫెసరుగారు రాసిన పుస్తకంలోనూ ఐదే, పైన గాజు పెట్టె ముందు పెట్టిన పలక మీదా ఐదే.

“అంటే అక్కా, ఐదు వేళ్ళు అందరూ అనుకున్నదానికన్నా చాలా ముందే వచ్చాయన్నమాట. ఐదు వేళ్ళున్నవాళ్ళలో మొదటివాడు మన దగ్గరే ఉన్నాడు” అంది డాక్టరమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో మూడేళ్ళ కష్టం వినిపించింది. ఆవిడ ఉద్యోగం కూడా ఆ మూడేళ్ళదే. ఈ పేపరు మంచి పత్రికలో పడితే పొడిగిస్తారు, లేకపోతే మూటాముల్లే.

పేపరు పంపేది వచ్చే బుధవారం. ఈలోగా చెయ్యిని స్కాన్ తీయించాలి. పాత రోజుల్లో ఎముకల మీద లక్క పూసేవారు. అది పసుపు తిరిగి, స్కాన్‌కీ ఫొటోకీ అడ్డం పడుతుంది. దాన్ని కడిగేయమని శుక్రవారం పొద్దున చెయ్యి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కో వేలూ తుడుచుకుంటూ వచ్చాను. నాన్న పని ఎంత శుభ్రంగా ఉంటుందో చూస్తే ఇప్పటికీ నాకు గర్వమే. సూది గీత ఎముకని తాకదు, రాతి దగ్గరే ఆగిపోతుంది. ఆయనది ఎడమచేతివాటం. గీతలు కుడికి వాలి ఉంటాయి, నావి ఎడమకి. మ్యూజియంలో ఏ ఎముక తీసుకున్నా అది మా నాన్న ఒలిచిందో నేను ఒలిచిందో కళ్ళు మూసుకుని చెప్తాననుకుంటాను. కళ్ళు తెరిస్తే తప్పకుండా చెప్తాను.

మధ్యాహ్నం దాటాక మొదటి వేలికి ఇవతల, మణికట్టు అంచున లక్క దళసరిగా ఉన్నచోటికి వచ్చాను. దూది మూడుసార్లు మార్చాను. లక్క కరిగాక కింద రెండు చిన్న ఎముకల మొదళ్ళు కనిపించాయి. మొదళ్ళు మాత్రమే. పై భాగం లేదు. ఎముక దానంతటది విరిగితే అంచు గరుగ్గా ఉంటుంది. ఇవి చదునుగా ఉన్నాయి. రెండింటి పక్కనా రాతి మీద సూది గీతలు, కుడికి వాలినవి.

కాసేపు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే చూసింది నిజమైపోతుందన్నట్టు అలాగే కూర్చున్నాను. అక్కడ ఇంకో రెండు వేళ్ళుండేవి. వాటిని కోసి తీసేశారు. తీసింది మా నాన్న.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, “అయిందా అక్కా?” అంది.

“ఇంకా మొండికేస్తోంది. సోమవారం” అన్నాను. అబద్ధమాడి ఎన్నాళ్ళయిందో, చెవులు వేడెక్కాయి. చెయ్యి మీద గుడ్డ కప్పేసి ఇంటికొచ్చాను.

శనివారమంతా మింగలేక కక్కలేక తిరిగాను. ఆదివారం పొద్దున కింది వాటాలోకి వెళ్ళాను. ఇరుగుపొరుగు తమ ఇళ్ళలో పగిలిన కప్పులూ, సాసర్లూ అతికించమని నాన్న దగ్గరికి తెస్తుంటారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని అమ్మ చేస్తుంది, నాన్న పక్కన కూర్చుని చెబుతుంటాడు. నేను వెళ్ళేసరికి అమ్మ ఒక కప్పు పిడిని పట్టుకుని బిగదీసుకుని కూర్చుంది.

“నాన్నా, అల్లుడుగారి చెయ్యి మొత్తం నువ్వే ఒలిచావు కదూ?”

“నేను కాక ఇంకెవరు? పదకొండు నెలలు.”

“మొదటి వేలికి ఇవతల ఏమైనా ఉండేవా?”

నాన్న అమ్మ వైపు తిరిగి, “ఇక వదిలెయ్” అన్నాడు.

“ఇంకా అంటుకోలేదండీ.”

“అయినా వదిలెయ్.”

అమ్మ వదిలేసింది. పిడి ఊడి బల్ల మీద పడింది.

“ఉండేవి” అన్నాడు నాన్న. “సన్నటివి, ఆరు ముక్కలు. ఆ బండ నిండా చేప ముళ్ళే కదా. ఇవీ అవే అనుకున్నాను.”

“ప్రొఫెసరుగారు తీసెయ్యమన్నారా?”

అవునంటే బాగుండునని నా ఆశ. ఆయన పోయి చాలా కాలమైంది, ఆయన మీదకి నెట్టేస్తే అడిగేవాళ్ళుండరు.

“ఆయన అప్పుడు ఊళ్ళోనే లేడు. ఎవరూ చెప్పలేదు. ఎడమ చేత్తో సూది పట్టుకున్నాను కదా, కుడి చెయ్యి ఖాళీగా ఉంది. దాన్ని పక్కన పెట్టి చూసుకున్నాను. ఐదు సరిపోయాయి. మిగిలినవి అడ్డమనిపించి తీసేశాను.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అల్లుడుగారి వేళ్ళు లెక్కపెట్టడానికి మా నాన్న తన వేళ్ళని కొలతగా పెట్టుకున్నాడు. కానీ ఆ రోజున లోకంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. ఐదు కాక ఇంకో లెక్క ఉంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

“మరి అవి పారేశావా?”

నాన్న నా వంక చూసిన చూపుకి నేను మళ్ళీ పంతొమ్మిదేళ్ళదాన్నయిపోయాను.

“ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చిందమ్మడూ? అడుగు సొరుగులో ఉంటాయి. అగ్గిపెట్టెలో.”

ఇంకేమీ చెప్పలేదు. లేచి లోపలికెళ్ళిపోయాడు. నా మట్టుకు నాకు బరువు దిగినట్టయింది. తెలియక చేసిన తప్పు. ముక్కలు భద్రంగా ఉన్నాయి. డాక్టరమ్మ పేపరు మారుతుంది, నిజమే, కానీ నాన్న మాట పోదు. నాకు అప్పుడు కావలసింది అదొక్కటే.

సోమవారం అందరికన్నా ముందెళ్ళి అడుగు సొరుగు లాగాను. అది నా మోకాళ్ళకి ఎదురుగానే ఉంటుంది. బిగుసుకుపోయి సరిగ్గా పడదు, ఈ బల్ల నాదైనప్పటి నుంచీ నేను దాన్ని కాలితో తన్ని మూస్తున్నాను. లోపల రెండు వందల పైచిలుకు అగ్గిపెట్టెలు. బొమ్మలన్నీ వెలిసిపోయాయి. గంటన్నర వెతికితే అట్టడుగు వరుసలో అల్లుడుగారి నంబరున్న పెట్టె దొరికింది. మూత మీద చీటీ అంటించి ఉంది, నాన్న చేతిరాత. నలభై ఒక్క ఏళ్ళ కిందటి తేదీ. చేప ముళ్ళు, ఆరు.

దాని కింద ఇంకో వరుస ఉంది. అదీ నాన్న చేతిరాతే, సిరా వేరు. తేదీ తొమ్మిదేళ్ళ తర్వాతది.

చేప ముళ్ళు కావు. వేళ్ళు.

వేరే దేశంలో ఎనిమిది వేళ్ళ జంతువు సంగతి పత్రికల్లో వచ్చింది ఆ రోజుల్లోనే. నాన్న చదివాడు, తెలుసుకున్నాడు. నియమం ప్రకారం పాత వరుస కొట్టెయ్యకుండా కింద కొత్తది రాసి, తేదీ వేసి, పెట్టె సొరుగులో పెట్టేశాడు. తర్వాత ముప్పై రెండేళ్ళు నోరు విప్పలేదు. పైన గాజు పెట్టె ముందు ఐదు అన్న పలక అలాగే ఉంది. బళ్ళ నుంచి వచ్చిన పిల్లలంతా దాని ముందు నిలబడి తమ వేళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళారు.

వాళ్ళలో నేనూ ఉన్నాను. ఎనిమిదేళ్ళప్పుడు నాన్న నన్ను అక్కడ నిలబెట్టి, నా వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టించాడు. కొన్నేళ్ళ తర్వాత నా స్నేహితురాళ్ళని తీసుకెళ్తే మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. అప్పటికి ఆయనకి నలభై మూడు నిండలేదు. ఆ మోకాళ్ళతోనే రోజూ బస్సు వెనక పరిగెత్తేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా చేత ఎర్ర సిరాతో రాయించినప్పుడు ఈ పెట్టె ఇదే సొరుగులో ఉంది. నాలుగు రోజులు నాతో మాట్లాడని మనిషి దీని మీదే మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు.

ఇంత కోపంలోనూ నా చేతులు చేసిన పని వేరు. పొడిగా ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, ఆరు ముక్కలూ దూది మీద సర్ది, దానికి కొత్త చీటీ అంటించాను. నంబరు, ఆరు ఎముకలు, ఈ నాటి తేదీ. ఖాళీ అగ్గిపెట్టెని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ముక్కలు దొరికాయి కనుక వేళ్ళ సంగతి ఎలాగూ బయటికొస్తుంది. నాన్నకి ముందే తెలుసన్న సంగతి రాకపోతే చాలు. రెండో వరుస లేకపోతే ఆయన పొరపాటు పడిన మనిషి. ఉంటే ముప్పై రెండేళ్ళు దాచిన మనిషి.

డాక్టరమ్మకి రేపు పొద్దున అన్నీ చూపిస్తానని చెప్పి, సాయంత్రం నేరుగా కింది వాటాకి వెళ్ళాను. నాన్న వీధి గుమ్మంలోనే ఉన్నాడు.

“దొరికాయా?”

“దొరికాయి. ఆరూ ఉన్నాయి.”

“పెట్టె?”

బ్యాగుని చంకలోకి నొక్కుకున్నాను. ఆయన చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ చెయ్యి వణుకుతోంది, అయినా వెనక్కి తీసుకోలేదు. బ్యాగులోంచి పెట్టె తీసి పెట్టాను. నాన్న మూత వంక చూడలేదు. పెట్టె తెరిచి ఖాళీగా ఉండడం చూశాడు.

“మ్యూజియం సొత్తు ఇంటికెందుకు తెచ్చావు?”

“ఎందుకు తెచ్చానో నీకు తెలియదా?” అన్నాను. గొంతు పెరిగింది. “తెలిసి కూడా ముప్పై రెండేళ్ళు ఊరుకున్నావు. నేనొక పక్కటెముక దాచినందుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.”

“మాట్లాడితే ఇది చెప్పేసేవాణ్ణి” అన్నాడు నాన్న.

అమ్మ లోపల్నించి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పెట్టె చూడగానే ఆవిడకి అర్థమైంది. నాకు తెలియని సంగతులు ఆ ఇంట్లో ఇంకెన్నున్నాయో.

“ఆ పత్రిక వచ్చిన రోజు కంచం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నారు” అంది అమ్మ. “ఏమిటండీ అంటే, ‘చెయ్యి పాడుచేశాను’ అన్నారు. ఈయన చెయ్యే అనుకుని నేను వేళ్ళు పట్టుకు చూశాను. నీకు చెబుతానంటే వద్దన్నారు. నీ పరీక్షలన్నారు.”

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. “చెబుదామనే అనుకున్నాను. ఆ వారమే ప్రొఫెసరుగారు మంచం పట్టారు. ఆయన లేచాక అనుకున్నాను. ఆయన లేవలేదు. పోయిన మనిషి పుస్తకం తప్పని నేనెలా చెప్పను అని కొన్నాళ్ళు గడిపాను. తర్వాత నువ్వొచ్చి చేరావు. నీ చేత ఎర్ర సిరాతో రాయించాక ఇక చెప్పే ముఖం లేకపోయింది.”

“రాసి మాత్రం పెట్టావు.”

“రాయకుండా ఎలా ఉంటాను?” అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోతూ అన్నాడు. “ఎవరో ఒకరు తీసి చూస్తారనుకున్నాను. నువ్వే చూస్తావనుకున్నాను. ఎవరూ చూడలేదు.”

నా కోపం అక్కడితో పోయిందంటే అబద్ధం. కానీ ఆ సొరుగుని ఇన్నేళ్ళూ కాలితో తన్ని మూసింది నేనే.

“ఈ పెట్టె లేకుండానే ఆ పిల్లకి చెబుదాం నాన్నా. చేపవనుకుని తీశావు, నేను కనిపెట్టాను. అంతవరకూ అబద్ధం ఏమీ లేదు.”

“చీటీ మార్చావా?”

“కొత్త డబ్బాలో వేశాను.”

నాన్న పెట్టె మూసి జేబులో వేసుకున్నాడు. అమ్మతో, “రేపు పొద్దున నా తెల్లచొక్కా తీసిపెట్టు” అన్నాడు. నాతో కాదు. అమ్మ నా వంక చూసి తలూపింది.

మర్నాడు ఇద్దరం బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. అగ్గిపెట్టె నాన్న జేబులో ఉంది, పైన చెయ్యి వేసి పట్టుకున్నాడు. డాక్టరమ్మ గది రెండో అంతస్తులో ఉంది, అల్లుడుగారి గాజు పెట్టె దాటి వెళ్ళాలి. మెట్ల దగ్గర ఆగుతాడేమోనని చూశాను. ఆగలేదు. రెయిలింగు పట్టుకుని ఎక్కాడు. గాజు పెట్టె దగ్గర మాత్రం నిలబడి, పలక మీద ఐదు అన్న మాటని చదివాడు. లోపల చెయ్యి ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

డాక్టరమ్మ ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచింది. ఆయన ఎవరో నేను చెప్పాక, “సార్, మీ పని మీదే నా పేపరంతా” అంది. పాపం, నవ్వుతూనే అంది. నేను ప్లాస్టిక్ డబ్బా తెరిచి బల్ల మీద పెట్టాను. దాని పక్కన నాన్న అగ్గిపెట్టె పెట్టాడు.

“ఇవి ఆ చెయ్యివేనమ్మా. నేనే కోశాను. ఎవరూ చెప్పలేదు. తర్వాత వేళ్ళని తెలిసింది, చెప్పలేదు. తేదీలున్నాయి చూడండి” అన్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలని తెలుస్తూనే ఉంది, ఒక్క చోటా తడబడలేదు.

ఆవిడ చీటీ చదివింది. మళ్ళీ చదివింది. పెట్టె అలాగే చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది. లాప్‌టాప్ మీద ఆవిడ పేపరు మొదటి పేజీ తెరిచే ఉంది.

“ఈ రెండో తేదీకి నేనింకా పుట్టలేదు” అంది చివరికి. “మధ్యలో ఎప్పుడు చెప్పినా నేను ఇంకో పని ఎంచుకునేదాన్ని సార్. మూడేళ్ళుగా ఈ చెయ్యి తప్ప ఇంకోటి చూడలేదు.”

“తెలుసమ్మా” అన్నాడు నాన్న.

క్షమించమని ఆయన అడగలేదు. ఫరవాలేదని ఆవిడా అనలేదు. ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. మూసి, దాని మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడింది. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను, ఇంకెక్కడ చూడాలో తెలియక. తర్వాత ఆవిడ డబ్బా వంక చూసింది. వంగి ఇంకా దగ్గరగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అలాంటివాళ్ళని ఎంత దెబ్బ తగిలినా ఎముక ఎక్కువసేపు ఏడవనివ్వదు.

“కోసిన చోట అతుకు కుదురుతుందా?” అంది.

ముగ్గురం కిందికి వెళ్ళాం. నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని, మొదటి ముక్కని పట్టకారుతో మొదలు మీద పెట్టాను. కుదరలేదు.

“తిప్పు. వెడల్పు అంచు లోపలికి” అన్నాడు నాన్న వెనకనించి. ఆయన కళ్ళు మైక్రోస్కోపు దగ్గర లేవు, గోడ వైపున్నాయి. “రెండోది దానికన్నా పొట్టి. మూడోది గోరు లాంటిది, కొన ఎడమకి తిరిగుంటుంది.”

తిప్పాను. ముక్క కోసిన మొదలు మీద కదలకుండా కూర్చుంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆరు ముక్కల వరసా ఆయనకి కంఠతా ఉంది. మధ్యాహ్నానికి రెండు వేళ్ళూ నిలబడ్డాయి. డాక్టరమ్మ అద్దాల్లోంచి చూసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఏడు. మరోసారి లెక్కపెట్టి, “మొదటివాడు కాదు, ఇంకో ఏడు వేళ్ళవాడు” అంది. బుధవారం ఏమీ పంపడం లేదని ఎవరికి ఎలా రాయాలో నన్నే అడిగింది. నాకేం తెలుసు, టీ పెట్టాను. ఈసారి మూడు కప్పులు.

ముందుగా నేను అంటించిన కొత్త చీటీ కింద అది ఎవరు, ఎందుకు రాశారో ఎర్ర సిరాతో రాశాను. రిజిస్టర్లో కూడా ఎక్కించాను. అప్పుడు నాన్న అగ్గిపెట్టె నా ముందుకి జరిపాడు. మూత మీద ఇంకొక్క వరుసకి చోటుంది.

“తేదీ వెయ్యి” అన్నాడు.

వేశాను. “ఏమని రాయను? అతికించామనా?”

“అది రిజిస్టర్లో ఉంది కదా. ఇక్కడ, చెప్పాడని రాయి.”

రాశాను. తేదీ పక్కన, చెప్పాడు. పొడి అక్షరాలు తనే వేస్తానన్నాడు నాన్న. కలం ఎడమ చేతికిచ్చాను. మొదటి అక్షరం పడింది. రెండోదానికి చెయ్యి వణికి, గీత చీటీ దాటి పెట్టె అంచు మీదకి పోయింది. డాక్టరమ్మ, నేనూ చూస్తూ ఊరుకున్నాం. ఎవరం తుడవలేదు.